పక్కింటి కామెంటరీ మా సౌండ్‌బార్‌లోకి వచ్చింది. మరి బ్లూటూత్ తాళం సంగతేంటి?

పటమట_502 | శనివారం, రాత్రి 11:52

నిద్ర పట్టక రాస్తున్నానండి. అరగంట క్రితం మా హాల్లో సౌండ్‌బార్ దానంతట అదే మోగింది. లైట్లు ఆపేసి అందరం పడుకున్నాం. ముందు "కనెక్టెడ్" అని ఒక ఆడగొంతు. తర్వాత క్రికెట్ కామెంటరీ, ఇల్లు అదిరేటట్టు. అత్తయ్యగారు లేచి కూర్చుని ఆంజనేయ దండకం అందుకున్నారు. మా ఆయన కర్ర కోసం వెతుకుతున్నారు. నేను వెళ్లి ప్లగ్ పీకేశాను.

సంగతేంటంటే, కింద 402లో అబ్బాయి కొత్త ఇయర్‌బడ్స్ కొన్నాడట. ఫోన్‌లో కనిపించిన మొదటి పేరు నొక్కాడు. అది మాది. పాపం వాడే అపార్ట్‌మెంట్ గ్రూపులో "సారీ ఆంటీ" అని పెట్టాడు. నవ్వుకున్నాం.

పడుకున్నాక అసలు టెన్షన్ మొదలైంది. సంక్రాంతికి ముందు మెయిన్ డోర్‌కి స్మార్ట్ తాళం పెట్టించాం. వేలిముద్ర, నంబరు, కార్డు, ఫోన్‌లో బ్లూటూత్, నాలుగు రకాలుగా తెరుచుకుంటుంది. పక్కవాళ్ల ఫోన్ నా సౌండ్‌బార్‌లోకి అడక్కుండా వచ్చేసింది కదా, తలుపు దగ్గర మాత్రం ఆగుతుందని ఏంటి నమ్మకం? ఉంచుకోవాలా, పీకించి పాత ఇత్తడి తాళమే పెట్టించాలా?

సోల్డరింగ్_ఐరన్ | ఆదివారం, ఉదయం 6:40

మేడమ్, రెండూ బ్లూటూతే గానీ రెండిటి కాపలా ఒకటి కాదు.

సౌండ్‌బార్‌కి తెర లేదు, అంకెల బటన్లు లేవు. పిన్ అడగాలన్నా ఎక్కడ కొడతారు? అందుకని "అడిగినవాళ్లకల్లా సరే అను" అనే పద్ధతి పెడతారు. దాని పేరే జస్ట్ వర్క్స్. కొన్ని సౌండ్‌బార్లు స్టాండ్‌బైలో ఉన్నా ఇరుగుపొరుగు ఫోన్లకి కనిపిస్తూనే ఉంటాయి, ఎవరైనా నొక్కితే నిద్ర లేస్తాయి. మధ్యలో స్లాబు ఉన్నా కింది ఫ్లోర్‌కి హాయిగా అందుతుంది. రాత్రిపూట స్విచ్ బోర్డు దగ్గరే ఆపేయండి, అంతకన్నా పెద్ద వైద్యం అక్కర్లేదు.

తాళం సంగతి చెప్పేముందు మీరు నాకొకటి చెప్పాలి. బిగించిన రోజు మొదట ఎవరి ఫోన్‌తో కలిపారు? మీ ఫోన్‌తోనా, బిగించడానికొచ్చిన కుర్రాడి ఫోన్‌తోనా?

ఎందుకొచ్చిన_గొడవ | ఆదివారం, ఉదయం 8:15

అన్నా, బెజవాడలో ఏ దొంగైనా ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని మెట్ల మీద కూర్చుంటాడా? గడ్డపార ఒక్కటి చాలు. ఇక్కడ రోజూ జనం పోగొట్టుకునేది ఓటీపీ చెప్పి. ఆ సంగతి మాట్లాడకుండా బ్లూటూత్ అని భయపెడితే అక్క ఇవాళ కూడా నిద్రపోదు.

బ్రాడీపేట_4/14 | ఆదివారం, ఉదయం 9:05

గొడవ గారూ, మీరన్నది సగం నిజం. నా ఉద్యోగమే ఈ సెక్యూరిటీ, గుంటూరులో ఇంట్లోంచే చేస్తాను. దొంగకి గడ్డపారే తేలిక, కాదనను. కానీ గడ్డపార వేస్తే తలుపు విరుగుతుంది, చప్పుడవుతుంది, పోలీసులకి చూపించడానికి ఏదో ఒకటి మిగులుతుంది. తాళం చప్పుడు కాకుండా తెరుచుకుంటే ముందు ఎవర్ని అనుమానిస్తాం? పనిమనిషిని.

ఇక తాళాల చరిత్ర. 2016లో అమెరికాలో డెఫ్‌కాన్ అనే హ్యాకర్ల సభలో ఇద్దరు పరిశోధకులు 16 బ్లూటూత్ తాళాలు పరీక్షించి చూపించారు. 12 తెరుచుకున్నాయి. వాటిలో నాలుగైతే పాస్‌వర్డ్‌ని ఏ ముసుగూ లేకుండా ఉన్నదున్నట్టు గాల్లోకి వదులుతున్నాయి, పక్కన నిలబడి వింటే చాలు.

2018లో ట్యాప్‌లాక్ అనే వేలిముద్ర తాళం కథ ఇంకా అన్యాయం. ప్రతి బ్లూటూత్ పరికరానికీ ఒక చిరునామా ఉంటుంది, అది అందరికీ కనిపించేలా ప్రకటించుకుంటూ ఉంటుంది. ఆ తాళం తెరిచే రహస్య సంకేతాన్ని సరిగ్గా ఆ చిరునామా నుంచే లెక్కగట్టారు. ఇంటి నంబరే తాళంచెవి అన్నమాట. బ్రిటన్‌లో పెన్ టెస్ట్ పార్ట్‌నర్స్ అనే సంస్థ దాన్ని రెండు సెకన్లలోపు తెరిచేసింది.

ఇంకో అపోహ కూడా చెప్పేస్తాను. "బ్లూటూత్ పది మీటర్లే కదా" అంటారు. ఆ పది మీటర్లు మన ఫోన్‌లో ఉన్న బుల్లి యాంటెన్నా లెక్క. అవతలివాడు పెద్ద యాంటెన్నా పట్టుకుంటే ఆ లెక్క వాడికి వర్తించదు. 2004లోనే అమెరికాలో కొందరు తుపాకీ ఆకారంలో యాంటెన్నా చేసి మైలు పైచిలుకు దూరంలో ఉన్న ఫోన్‌ని బ్లూటూత్‌తో పట్టుకున్నారు. మన ప్రకాశం బ్యారేజీ పొడవు 1,223 మీటర్లు. అంటే సీతానగరం ఒడ్డున నిలబడితే బెజవాడ ఒడ్డున ఉన్న ఫోన్ అందినట్టే.

పటమట_502 | ఆదివారం, ఉదయం 10:20

ఐరన్ గారూ, మీ ప్రశ్న చదివాక కాఫీ కూడా తాగలేదు. యాప్ తెరిచి చూశాను. సెట్టింగ్స్‌లో "సభ్యులు" అని ఉంది, ఇన్నాళ్లూ నొక్కనే లేదు. మూడు పేర్లున్నాయి. నాది, మా ఆయనది. మూడోది "టెస్ట్ 1". దాని పక్కన బుల్లి కిరీటం బొమ్మ ఉంది. మా ఇద్దరికీ ఆ కిరీటం లేదు.

గుర్తొచ్చింది. ఆ రోజు బిగించిన అబ్బాయి "ముందు నా ఫోన్‌తో చెక్ చేస్తానమ్మా" అన్నాడు. తర్వాత మమ్మల్ని కలిపాడు. కిరీటం అంటే ఓనర్ అనేనా?

సోల్డరింగ్_ఐరన్ | ఆదివారం, ఉదయం 10:31

అవును మేడమ్. మీ తలుపుకి అసలు యజమాని ఆ కుర్రాడి ఫోన్. మీరిద్దరూ అతిథులు.

వాడు చెడ్డవాడని అనడం లేదు. పని తొందరలో మర్చిపోయి ఉంటాడు. కానీ ఆ ఫోన్ పోయినా, అమ్మేసినా, వాడు ఉద్యోగం మానేసినా మీ తాళం కిరీటం దానితోపాటే పోతుంది. పిలిపించండి. మీ ఎదురుగా తాళాన్ని ఫ్యాక్టరీ రీసెట్ చేయించి, మొదటి ఫోన్‌గా మీదే కలపండి. పిన్ కూడా మార్చండి, వాడు చూసే ఉంటాడు కదా.

మోడరేటర్ | ఆదివారం, ఉదయం 10:45

మేడమ్, కంపెనీ పేరు, షాపు పేరు ఇక్కడ పెట్టకండి. అడిగేవాళ్లు కూడా అడగొద్దు. చర్చ కొనసాగించండి.

కాటా_బాబాయ్ | ఆదివారం, మధ్యాహ్నం 1:10

అమ్మాయ్, నీ సౌండ్‌బార్ కథ చదివి నవ్వలేకపోయాను. నాకూ అదే జరిగింది, కాకపోతే డబ్బుల దగ్గర.

మాది గుంటూరులో మిర్చి కమిషన్ వ్యాపారం. రెండేళ్ల కిందట ఎలక్ట్రానిక్ కాటాకి బ్లూటూత్ పెట్టించా. టిక్కీ, అదే మిర్చి బస్తా, కాటా ఎక్కగానే బరువు గుమాస్తా ఫోన్‌లో పడుద్ది, చీటీ అక్కడికక్కడే. మొదట్లో ప్రాణానికి హాయిగా ఉంది. ఫిబ్రవరిలో సీజన్ ఊపందుకున్నాక మొదలైంది తలనొప్పి. బస్తాలు మోసే ముఠావాళ్లు నిలబడి ఉంటారు, ఫోన్ కాటాకి కలవదు. ఆపుతాడు, పెడతాడు, మొక్కుతాడు. పావుగంటకి దానంతట అదే కలుస్తుంది. బ్యాటరీ అనుకుని మార్చాం. ఫోన్ అనుకుని ఫోనే మార్చాం.

మా మేనల్లుడు ఇంజనీరింగ్ చదువుతున్నాడు. సెలవులకి వచ్చి కాటా పక్కన కూర్చున్నాడు. డిస్‌ప్లే డబ్బా వెనక చిన్న పెట్టె తగిలించి ఉంటుంది, దాని మూత తీశాడు. లోపల బొటనవేలంత నీలం బోర్డు, ఎర్ర లైటు టకటకా కొట్టుకుంటోంది. తన ఫోన్‌లో ఏదో ఉచిత యాప్ వేసి, పిన్ అడిగితే 1234 కొట్టాడు. అంతే. "ప్లస్ 44.60 కేజీ, ప్లస్ 44.60 కేజీ" అని చీమల బారులా అంకెలు దిగుతున్నాయి. టిక్కీ దించితే సున్నా. ఇంకోటి ఎక్కిస్తే 43.85. నేను అలా చూస్తూ ఉండిపోయా.

పక్క కొట్లోకి వెళ్లి అడిగితే వాళ్లకీ అదే మనిషి పెట్టాడు. అదే బోర్డు, అదే పేరు, అదే 1234. పొద్దున వాళ్ల గుమాస్తా ముందొస్తే వాడి ఫోన్ మా కాటాని పట్టుకుంటోంది. ఒకళ్లు పట్టుకుంటే రెండోవాళ్లకి దొరకదట. వాళ్ల చీటీల్లో మా బరువులు ఎన్ని పడ్డాయో, రైతులకి ఏం లెక్క పోయిందో, తల్చుకుంటే ఇప్పటికీ కడుపులో దేవినట్టుంటుంది.

సోల్డరింగ్_ఐరన్ | ఆదివారం, మధ్యాహ్నం 1:38

బాబాయ్, మీరు చెప్పింది హెచ్‌సీ-05 అనే చవక బ్లూటూత్ బోర్డులా ఉంది. మా రిపేరు బెంచీ మీద ఎప్పుడూ నాలుగైదు పడుంటాయి. పిల్లల ప్రాజెక్టులకి బంగారం లాంటిది. వచ్చేటప్పుడు పిన్ 1234 గానీ 0000 గానీ ఉంటుంది. కమాండ్ మోడ్‌లో పెట్టి పేరూ పిన్నూ మార్చడం ఐదు నిమిషాల పని. ఆ ఐదు నిమిషాలు ఎవరూ పెట్టరు, అదే బాధ.

మీ విషయంలో ఇంకోటి ఉంది. కాటా ఏదో మీ ఫోన్‌కి తెలిసేది దాని పేరు, చిరునామా, పిన్‌తోనే. ఇంకెవరైనా అదే పేరుతో, అదే పిన్‌తో ఇంకో బోర్డు పెట్టి 41 కేజీలు అని పంపితే, కొత్తగా కలిపే గుమాస్తా దాన్నే కాటా అనుకుంటాడు. డిస్‌ప్లేలో 44, చీటీలో 41. అందుకని చీటీ మీద అంకె, కాటా మీద అంకె రెండూ రైతుకి కనపడాలి. నన్నడిగితే డబ్బు లెక్క ఉన్నచోట వైరే మేలు. మూడు మీటర్ల కేబుల్‌కి సిగ్గుపడక్కర్లేదు.

మూత తీసేటప్పుడు తూనికలు కొలతల వాళ్ల సీలు జోలికి మాత్రం పోకండి. అది తెగితే ఇంకో తంటా.

కాటా_బాబాయ్ | ఆదివారం, మధ్యాహ్నం 1:52

వైరే వేయించా నాయనా, మర్నాడే. ఎలుకలు కొరక్కుండా పైపులో పెట్టించా.

లెక్కల_మాస్టారు | ఆదివారం, సాయంత్రం 4:30

అందరికీ నమస్కారం. సత్యనారాయణపురంలో ఉంటాను, రిటైరయ్యాను. నావి రెండు సందేహాలు. ఒకటి, కారు అద్దం మీద ఫాస్టాగ్‌ని చేతి గడియారంతో స్కాన్ చేసి డబ్బులు లాగేస్తున్నట్టు ఒక వీడియో చూశాను. మేము నెలకి నాలుగుసార్లు కాజ టోల్‌గేటు దాటి గుంటూరు వెళతాం. అప్పటి నుంచి అద్దం తుడిచే పిల్లలు దగ్గరకొస్తే అదిలిస్తున్నాను, అది తప్పేమో అని కూడా ఉంది. రెండు, బ్యాంకువాళ్లు వైఫై గుర్తులాంటిది ఉన్న కార్డు ఇచ్చారు. జేబులో ఉండగానే డబ్బు పోతుందా?

బ్రాడీపేట_4/14 | ఆదివారం, సాయంత్రం 5:15

మాస్టారూ నమస్తే. ఆ వీడియో 2022 నాటిది, అబద్ధం. ఫాస్టాగ్ చెల్లింపులు నడిపే ఎన్‌పీసీఐ అప్పుడే వివరణ ఇచ్చింది. ఫాస్టాగ్‌లో డబ్బు ఉండదు, ఒక నంబరు మాత్రమే ఉంటుంది. ఆ డబ్బు నమోదైన టోల్‌ప్లాజా, పార్కింగ్ లాంటి వ్యాపారి ఖాతాకే వెళ్తుంది, మనిషి నుంచి మనిషికి వెళ్లే దారే లేదు. పైగా ఫాస్టాగ్ పనిచేసేది 865 నుంచి 867 మెగాహెర్ట్జ్ మధ్య. ఫోన్లలో ఉండే ఎన్ఎఫ్‌సీ, అంటే ఆనిస్తే పనిచేసే బుల్లి రేడియో, 13.56 మెగాహెర్ట్జ్. అసలు ఒకరి భాష ఒకరికి రాదు. ఆ పిల్లల్ని అదిలించకండి పాపం.

కార్డు సంగతి వేరు, అక్కడ కొంచెం ఉంది. అది ఎన్ఎఫ్‌సీ, మిషన్‌కి నాలుగైదు సెంటీమీటర్ల దగ్గరకి తేవాలి. 2021 జనవరి 1 నుంచి పిన్ లేకుండా ఒక్కో లావాదేవీకి 5,000 దాకా వెళ్తుంది. రద్దీ బస్సులో మిషన్ జేబుకి తాకించడం సాధ్యమే, కానీ ఆ మిషన్ ఎవరో ఒక వ్యాపారి పేరు మీద ఉండాలి, డబ్బు ఎటు పోయిందో తెలిసిపోతుంది. అందుకే అలాంటి దొంగతనం పెద్దగా గిట్టుబాటు కాదు. మీకు అవసరం లేకపోతే బ్యాంకు యాప్‌లో కాంటాక్ట్‌లెస్ ఆపేయండి. ఆ స్విచ్ ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు 2020లోనే చెప్పింది.

నాకు భయం వేసేది ఇంకోదానికి. 2024లో చెక్ దేశంలో బయటపడిన మోసం ఇది, పేరు ఎన్‌గేట్. బ్యాంకు అని చెప్పి ఒక యాప్ వేయిస్తారు. "కార్డుని మీ ఫోన్ వెనక ఆనించండి, పిన్ కొట్టండి" అంటారు. మీ ఫోన్ ఆ కార్డు సంకేతాన్ని ఇంకోచోట దొంగ చేతిలో ఉన్న ఫోన్‌కి చేరవేస్తుంది, వాడు అక్కడ ఏటీఎం దగ్గర డబ్బు తీసుకుంటాడు. నాలుగు సెంటీమీటర్ల టెక్నాలజీ ఊళ్లు దాటిపోయింది చూశారా. గొడవ గారూ, మీ ఓటీపీ మోసానికి ఇది సొంత తమ్ముడు. ఎవరైనా సొంత ఫోన్‌కి కార్డు ఆనించమంటే ఫోన్ పెట్టేయండి, డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కొట్టండి.

కొత్తపేట_సిస్టర్ | ఆదివారం, రాత్రి 9:40

డ్యూటీ దిగి చదివాను. మా వార్డులో జరిగింది చెబుతాను, ఆసుపత్రి పేరు అడగొద్దు.

పక్కపక్క మంచాలు. ఇద్దరి పిల్లలూ ఒకే మోడల్ బీపీ మిషన్ కొని తెచ్చుకున్నారు, ఫోన్‌కి రీడింగ్ పంపే రకం. ఏడో మంచం మామ్మగారి కొడుకు ఫోన్‌లో రాత్రి 170, 178, 172 అని మూడు రీడింగులు. కంగారుగా తెచ్చి చూపించాడు. నేను చేత్తో చూస్తే 130. మళ్లీ చూసినా 130. ఎనిమిదో మంచం తాతగారిది చూస్తే 174. ఈయన ఫోన్ ఆయన మిషన్‌తో కలిసి ఉంది! యాప్‌లో రెండింటి పేరూ ఒకటే మరి. డాక్టర్ గారు ఆ ఫోన్ చూసి మామ్మకి మాత్ర పెంచి ఉంటే? అప్పటి నుంచి మిషన్ మీద ప్లాస్టర్ అతికించి మంచం నంబరు రాయిస్తున్నాను. ఫోన్‌లో అంకె చూపిస్తే ఒప్పుకోను, మిషన్ మీదే చూస్తాను.

మా దగ్గరకొచ్చే షుగర్ పేషెంట్లు కొందరు చేతికి సెన్సర్ పెట్టుకుంటున్నారు, అదీ బ్లూటూతే. దాన్ని ఎవరైనా ఏమైనా చేయగలరా?

బ్రాడీపేట_4/14 | ఆదివారం, రాత్రి 10:25

సిస్టర్ గారూ, ఆ ప్లాస్టర్ ముక్క మా ఆఫీసులో చెప్పే సగం పాఠాలకన్నా మేలు.

వైద్య పరికరాల్లో ఈ భయం కొత్తది కాదు. అమెరికా ఉపాధ్యక్షుడు డిక్ చెనీ గుండె పరికరంలో వైర్‌లెస్‌ని 2007లో డాక్టర్లు ఆపించేశారు, ఎవరైనా దూరం నుంచి చంపుతారేమోనని. ఆయనే 2013లో టీవీలో చెప్పారు. ఇక 2020లో సింగపూర్ పరిశోధకులు స్వేన్‌టూత్ పేరుతో డజను లోపాలు బయటపెట్టారు. తప్పు ఒక కంపెనీ వస్తువులో కాదు, ఏడు కంపెనీల బ్లూటూత్ చిప్పుల్లోని సాఫ్ట్‌వేర్‌లో. తేడాగా రాసిన ఒక సందేశం దగ్గర్నుంచి పంపితే పరికరం బిగుసుకుపోవచ్చు, రీస్టార్ట్ కావచ్చు, కొన్నిట్లో కాపలా దాటి లోపలికే వెళ్లొచ్చు. ఆ మార్చిలో అమెరికాలో మందులు, వైద్య పరికరాల్ని చూసే ఎఫ్‌డీఏ హెచ్చరిక ఇచ్చింది, అందులో పేస్‌మేకర్లు, గ్లూకోజ్ మీటర్లు, ఇన్సులిన్ పంపులు ఉన్నాయి. చిప్పు ఒకరిది, డబ్బా ఒకరిది, యాప్ ఇంకొకరిది. లోపం దొరికితే ఎవరు సరిచేయాలో తేలేసరికి నెలలు పడుతుంది.

అలాగని సెన్సర్ పీకేయమని మాత్రం ఎవరికీ చెప్పకండి. షుగర్ పడిపోవడం రోజూ ఉండే ప్రమాదం, హ్యాకర్ అలా కాదు. ఒంట్లో ఎలా ఉందో దానికీ అంకెకీ పొంతన లేకపోతే వేలు గుచ్చి చూసుకోమనండి. యాప్ అప్‌డేట్ అడిగితే వాయిదా వేయొద్దనండి.

ఆటోనగర్_ఆయిల్‌చేతులు | సోమవారం, ఉదయం 7:55

నా వంతు. ఆటోనగర్‌లో కార్ల వైరింగ్ పని మాది. పాత కారు ఏది వచ్చినా స్టీరియో తెరిచి బ్లూటూత్ లిస్టు చూడటం నాకు అలవాటు, తప్పయితే తప్పే. మొన్న ఒక కారులో ఆరు ఫోన్లున్నాయి, మూడు చేతులు మారిన కారు. మొదటాయన ఫోన్‌బుక్ మొత్తం అలాగే ఉంది. అమ్మ, మేనేజరు, చిట్టీల ఆయన, "ఎత్తొద్దు" అని ఒకాయన. కాల్ లిస్టు కూడా. అమ్మేటప్పుడు ఆర్‌సీ, ఇన్సూరెన్స్, స్పేర్ టైరు అన్నీ చూసుకుంటారు, ఇది ఒక్కడూ తుడవడు.

కారు అమ్మేముందు స్టీరియోలో ఫ్యాక్టరీ రీసెట్ కొట్టండి. కొన్న వెంటనే కూడా కొట్టండి. కొన్ని కొత్త కార్లకి ఫోనే తాళంచెవి కదా, పాత ఓనర్ యాప్‌లో కారు ఇంకా ఉంటే నడిరోడ్డు మీద హారన్ కొట్టి ఆడుకోగలడు.

బ్రాడీపేట_4/14 | సోమవారం, ఉదయం 8:30

ఆయిల్‌చేతులు అన్నా, ఫోనే తాళంచెవి అన్నారు కాబట్టి ఇది చెప్పాలి. 2022 మేలో ఎన్‌సీసీ గ్రూప్ అనే సంస్థ టెస్లా కారుని ఇలాగే తెరిచి చూపించింది. ఏ కోడూ బద్దలు కొట్టలేదు. ఒక పరికరం కారు దగ్గర, ఇంకోటి ఓనర్ ఫోన్ దగ్గర. మధ్యలో ఇద్దరి మాటలూ అటూ ఇటూ మోశాయి. ఫోన్ నిజంగానే దగ్గరుందని కారు నమ్మింది. మోయడం వల్ల అయిన ఆలస్యం సెకనులో వెయ్యో వంతులు ఎనిమిది. సంకేతం వినపడితే మనిషి పక్కనే ఉన్నట్టు అనుకోవడమే అందులో తప్పు. 2024 సెప్టెంబర్‌లో వచ్చిన బ్లూటూత్ 6.0లో దూరాన్ని కొలిచే ఏర్పాటు పెట్టారు గానీ, అది మన చేతుల్లోకి రావాలంటే కారూ ఫోనూ రెండూ కొత్తవి కావాలి.

పటమట మేడమ్, మీ తాళంలో "దగ్గరికి రాగానే తెరుచుకో" అనే ఆప్షన్ ఉంటే అది ఆపేయండి. ఫోన్ తీసి నొక్కితేనే తెరుచుకోవాలి.

ఎందుకొచ్చిన_గొడవ | సోమవారం, ఉదయం 9:12

ఒక సంగతి గమనించారా? ఇక్కడ సొంతంగా జరిగింది చెప్పిన వాళ్లెవరికీ హ్యాకర్ తగల్లేదు. 402 కుర్రాడు, తాళం బిగించినవాడు, పక్క కొట్టు గుమాస్తా, పక్క మంచం తాతగారు, పాత కారు ఓనరు. అందరూ పక్కనోళ్లే, పైగా ఎవడికీ చెడుద్దేశం లేదు. అంటే నేను చెప్పిందే కరెక్టు కదా?

సోల్డరింగ్_ఐరన్ | సోమవారం, ఉదయం 9:40

కరెక్టే తమ్ముడూ, కానీ నువ్వు దాన్ని ధైర్యం కింద లెక్కేస్తున్నావు, నేను భయం కింద లెక్కేస్తున్నా. ఇంటర్నెట్‌లో దొంగ ఎక్కడో ఉంటాడు. ఈ రేడియోకి అందేవాళ్లంతా మన గోడ అవతలే ఉంటారు. అద్దెకుండి ఖాళీ చేసినవాళ్లు, పని మానేసిన డ్రైవరు, విడిపోయిన మొగుడు. వాళ్లకి మన పిన్ తెలుసు, మనం ఊళ్లో ఎప్పుడుండమో తెలుసు. చెడుద్దేశం లేకుండానే ఇంత జరిగితే ఉన్ననాడు ఏంటి?

బ్రాడీపేట_4/14 | సోమవారం, ఉదయం 10:02

అసలు హ్యాకర్ల లెక్కా ఒకటి చెప్పి నా పనిలోకి వెళతాను. 2023 డిసెంబర్‌లో మార్క్ న్యూలిన్ అనే పరిశోధకుడు ఒక లోపం బయటపెట్టాడు. దగ్గర్లో ఉన్నవాడు తన ల్యాప్‌టాప్‌ని బ్లూటూత్ కీబోర్డుగా మీ ఫోన్‌కి పరిచయం చేసుకుంటాడు, ఫోన్ మిమ్మల్ని అడక్కుండానే ఒప్పేసుకుంటుంది, ఇక వాడు టైప్ చేసిందల్లా మీ ఫోన్‌లో పడుతుంది. ఆండ్రాయిడ్ 11 నుంచి 14 దాకా గూగుల్ సరిచేసింది. 10, అంతకన్నా పాతవాటికి మందు లేదు, బ్లూటూత్ ఆపుకోవడమే. సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ ప్యాచ్ తేదీ చూసుకోండి, 2023 డిసెంబర్ 5 గానీ తర్వాత గానీ ఉండాలి.

402 అబ్బాయికి కూడా ఒక మాట చెప్పండి మేడమ్. 2026 జనవరిలో బెల్జియంలోని లూవెన్ విశ్వవిద్యాలయం వాళ్లు విస్పర్‌పెయిర్ అనే లోపం చూపించారు. ఒక్క నొక్కుతో ఫోన్‌కి కలిపే గూగుల్ ఫాస్ట్ పెయిర్ ఉన్న చాలా ఇయర్‌బడ్స్, హెడ్‌ఫోన్లు పెయిరింగ్ మోడ్‌లో లేకపోయినా కొత్త ఫోన్‌ని ఒప్పేసుకుంటున్నాయి. ఫోన్ అప్‌డేట్ చేస్తే చాలదు, ఇయర్‌బడ్స్ కంపెనీ యాప్ వేసి వాటి లోపలి సాఫ్ట్‌వేరే (ఫర్మ్‌వేర్) అప్‌డేట్ చేయాలి.

జిగ్‌బీ అనే ఇంకో రేడియోతో నడిచే స్మార్ట్ బల్బుల గురించి ఎవరూ అడగలేదు కాబట్టి రెండు ముక్కలే. 2016లో ఇజ్రాయెల్ పరిశోధకులు డ్రోన్‌కి పరికరం కట్టి, దూరం నుంచే ఒక భవనంలో ఫిలిప్స్ హ్యూ బల్బుల్ని తమ అదుపులోకి తెచ్చుకున్నారు. అప్‌డేట్లకి కాపలాగా ఉన్న రహస్య తాళం ఆ మోడల్ బల్బులన్నిటికీ ఒకటేనని కూడా వాళ్లే బయటపెట్టారు. తర్వాత కంపెనీ సరిచేసింది. బాబాయ్ కాటా 1234కి అది అన్నగారు.

పటమట_502 | మంగళవారం, రాత్రి 8:50

అప్‌డేట్. ఇవాళ ఆ అబ్బాయి వచ్చాడు. మంచివాడే, "మర్చిపోయానమ్మా" అని చెవులు పట్టుకున్నాడు. కానీ మా తాళం తీసేయడానికి వాడి ఫోన్‌లో యాప్ తెరిచాడు చూడండి, నాకు కాళ్లు ఆడలేదు. లిస్టు. "పటమట 502", "భవానీపురం డాబా", "డాక్టర్ గారు మొగల్రాజపురం", "గుణదల కొత్త పెళ్లి"... వేలితో పైకి తోస్తూనే ఉన్నాడు. నేను లెక్కపెట్టినంత వరకు 23. ఒక్కో పేరు పక్కన బుల్లి కిరీటం. ఆ ఫోన్‌కి లాక్ కూడా లేదు, పక్కకి తోస్తే తెరుచుకుంది. అందరికీ ఫోన్ చేసి తీయించమని కూర్చోబెట్టి చెప్పాను. నా ముందే ముగ్గురికి చేశాడు. ఒకావిడ "ఎందుకు బాబూ, ఏదైనా రిపేరొస్తే నీ దగ్గర ఉంటేనే మంచిది" అందట.

మా తాళం రీసెట్ చేశాం, ఇప్పుడు కిరీటం నాది. దగ్గరికొస్తే తెరుచుకునేది ఆపాం. అత్తయ్యగారి వేలిముద్ర మాత్రం మళ్లీ పట్టడం లేదు, రేఖలు అరిగిపోయాయి. ఆవిడకి కార్డు ఇచ్చాం. ఆ కార్డు సంగతేంటి, అదీ గాల్లోదే కదా?

సోల్డరింగ్_ఐరన్ | మంగళవారం, రాత్రి 9:20

కార్డు మీద గానీ మాన్యువల్‌లో గానీ 125 కిలోహెర్ట్జ్ అని ఉంటే అది ఉత్త నంబరు పలికే కార్డు, ఎవరడిగినా చెప్పేస్తుంది. ఖాళీ కార్డు మీదకి కాపీ తీయడం నిమిషం పని. మీ అపార్ట్‌మెంట్ గేటు కార్డు అదే అయ్యుండొచ్చు, సెక్రటరీని అడగండి. 13.56 మెగాహెర్ట్జ్ అని ఉంటే కొంత నయం, కానీ అందులో మైఫేర్ క్లాసిక్ రకానికి 48 బిట్ల తాళం, దాన్ని 2008లోనే నెదర్లాండ్స్ పరిశోధకులు విప్పేశారు. అత్తయ్యగారికి కార్డు బదులు ఆవిడకి మాత్రమే ఒక పిన్ పెట్టండి, గుర్తుండేది.

పటమట_502 | మంగళవారం, రాత్రి 9:34

గుర్తుండేదంటే ఆవిడ పెళ్లి సంవత్సరం పెట్టమంటున్నారు. వీధి వీధంతా తెలుసు ఆ సంవత్సరం.

లెక్కల_మాస్టారు | మంగళవారం, రాత్రి 9:50

మొదటి సంఖ్యనీ చివరి సంఖ్యనీ మార్చి రాయమనండమ్మా, మా ఆవిడకి అలాగే నేర్పాను.

కార్డులో ఆ కాంటాక్ట్‌లెస్ ఆపేశాను, థాంక్స్ బాబూ. ఇందాక మనవడు నా ఫోన్‌లో బ్లూటూత్ తెరిచి చూపించాడు. చుట్టుపక్కల ఇళ్లవి 14 పేర్లు కనిపిస్తున్నాయి, రెండు టీవీలు, ఒక బరువు చూసే మిషన్, "స్వాతి బడ్స్". వాళ్లకి నాది ఎలా కనిపిస్తోందని అడిగితే వాడి ఫోన్‌లో చూపించాడు. నా పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా. ఎవరు పెట్టారో! అది ఎక్కడ మార్చాలి?

సోల్డరింగ్_ఐరన్ | మంగళవారం, రాత్రి 9:58

సెట్టింగ్స్‌లో "అబౌట్ ఫోన్", అందులో "డివైస్ నేమ్", మాస్టారూ. కొన్న రోజు షాపు కుర్రాడు పెట్టి ఉంటాడు.